నానీకి ఒక మొహం కావాలి

మా నానీ ముక్కు ఎలా ఉండేదని ఆ అమ్మాయి అడిగింది. తెనాలిలో మా ఇంటి ముందుగదిలో, ఫ్యాను కింద కూర్చుని, పెన్సిలు చెక్కుకుంటూ, కాఫీలో పంచదార ఎంత వెయ్యాలని అడిగినంత మామూలుగా అడిగింది. నేనూ అంతే మామూలుగా చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నానీ తమలపాకు ఈనె తీసే తీరు గుర్తుంది. నవ్వబోయే ముందు ఆమె గొంతులో వచ్చే చిన్న గరగర గుర్తుంది. చలికాలం పొద్దున్నే ఆమె అరచేతులు ఎంత గరుకుగా, ఎంత వెచ్చగా ఉండేవో నా చెంపలకి ఇప్పటికీ తెలుసు. ముక్కు మాత్రం లేదు. ముక్కు చుట్టూ ఉండాల్సిన మొహమూ లేదు. "ఉండమ్మా, కాఫీ తెస్తాను," అని వంటింట్లోకి వెళ్ళి, ఆ అమ్మాయికి కనపడకుండా స్టవ్వు ముందు చాలాసేపు నిలబడ్డాను.

నానీ అంటే మా అమ్మని కన్నతల్లి. ఆ అమ్మాయి పేరు గ్రేసీ, ఊరు బాపట్ల, పని పుస్తకాలకి బొమ్మలు వెయ్యడం. మేస్టరు ఉద్యోగం నుంచి రిటైరైన కొత్తలో, పొద్దు గడవక, నానీ గురించి ఒక జ్ఞాపకం రాశాను. అది నేను రాసిన మిగతా అన్నిటికన్నా ఎక్కువమంది చదివారు. ఇన్నేళ్ళకి ఎవరో ప్రచురణకర్తలు దాన్ని బొమ్మల పుస్తకంగా తెస్తామని ఫోన్ చేశారు. కథ మధ్యలో అక్కడక్కడా ఒక బొమ్మ వెయ్యడం కాదట. కథంతా గళ్ళు గళ్ళుగా బొమ్మల్లోనే నడుస్తుంది, నా వాక్యాల్ని కత్తిరించి మనుషుల నోటి పక్కన బుడగల్లో పెడతారు. నాకు భేషజం లేదని చూపించుకోడానికి ఒక్క క్షణం ఆలోచించకుండా సరే అన్నాను. వాక్యాలు పోతే పోయాయి. కానీ రాసేవాడికి ఉన్న సౌకర్యం గీసేవాళ్ళకి ఉండదని అప్పుడు నాకు తట్టలేదు. "మా నానీ గుమ్మంలో కూర్చుంది" అని రాసి నేను తప్పుకున్నాను. గ్రేసీ అలా తప్పుకోలేదు. గుమ్మంలో కూర్చున్న మనిషికి మొదటి గడిలోనే ముక్కూ, నోరూ, గడ్డమూ పెట్టాలి.

మా ఇంట్లో నానీ ఫోటో ఒక్కటి కూడా లేదు. మా ఆపా పెళ్ళికి ఫోటోలు తీసే ఆయన్ని మామూ పిలుచుకొచ్చాడు. ఆపా అంటే మా అక్క, మామూ అంటే మా అమ్మ తమ్ముడు. ఆ వచ్చినాయన మూడుకాళ్ళ పీట నిలబెట్టి నల్లగుడ్డలో తల దూర్చేలోపు నానీ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. ఎంతమంది బతిమాలినా బయటికి రాలేదు. మతం ఒప్పుకోదని కొందరన్నారు గానీ అది పూర్తి కారణం కాదు. "నన్ను చూడాలనుకున్నోళ్ళు వచ్చి చూస్తారు. రానోళ్ళకి నా మొహంతో పనేంటి?" అని తలుపు వెనక నుంచే అంది. అలా చూసినవాళ్ళందరూ వరసగా వెళ్ళిపోయారు. అమ్మా నాన్నా, మామూ, సందులో ఆడవాళ్ళు, పాలవాడు, కూరగాయలమ్మే మంగమ్మ, ఎవరూ లేరు. ఆమెని కళ్ళతో చూసినవాళ్ళలో మిగిలింది మేమిద్దరమే. రేపల్లెలో మా ఆపా, తెనాలిలో నేను. నేను ఏ బొమ్మకి తల ఊపితే ఇకమీదట లోకానికి అదే మా నానీ. తప్పని చెప్పడానికి మా తర్వాత ఎవరూ ఉండరు. ఆ బరువు స్టవ్వు ముందు నిలబడ్డప్పుడే నాకు తెలిసింది.

మా నాన్నకి చెరుకుపల్లిలో బట్టలు కుట్టే కొట్టు. చదువు కోసమని నన్ను తెనాలిలో నానీ ఇంట్లో పెట్టారు. ఆపా అంతకుముందు నుంచే అక్కడ ఉండేది. పెళ్ళయి ఆమె రేపల్లె వెళ్ళిపోయాక ఆ ఇంట్లో పిల్లలంటే నేనొక్కణ్ణే. మామూ పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. ఆయన ఒక చిన్న అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని చేసేవాడు. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టకముందే వాసన వచ్చేది. సిరా, కిరసనాయిలు, ఉడికిన మైదా జిగురు కలిసిన వాసన. ఆ జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవాళ్ళు, అందుకని మామూ గోళ్ళు ఎప్పుడూ కాస్త పచ్చగా ఉండేవి. నానీ ఆయన చేతులకి బూడిద, నిమ్మచెక్క ఇచ్చి దొడ్లోకి తోలేది. ఆ చేతుల్లో దాదాపు రోజూ ఏదో ఒక అచ్చు పాడైన పుస్తకం ఉండేది. పేజీ తలకిందులుగా పడ్డదో, సగం అక్షరాలు లేచిపోయిందో, అమ్మకానికి పనికిరానిది. మా ఇంట్లోకి సాహిత్యం అలా వచ్చింది. నేను చదివిన మొదటి నవలల్లో సగానికి చివరి పేజీలు లేవు.

నానీకి తెలుగు చదవడం రాదు, ఉర్దూ అక్షరాలు కూడబలుక్కునేది. చదివి వినిపించడం నా వంతు. స్కూలు నుంచి వచ్చి, అల్లం దంచి వేసిన చాయ్ సాసర్లో పోసుకుని తాగి, దొడ్డివాకిట్లో పట్టా మీద కూర్చునేవాణ్ణి. ఆమె పాన్ పెట్టె తీసుకుని ఎదురుగా కూర్చునేది. మొదలుపెట్టే ముందు పుస్తకం ఆమెకివ్వాలి, అది నియమం. పేజీలు తిప్పి బొమ్మ ఎక్కడుందో వెతుక్కునేది. దొరికాక, వెలుగు పడేలా వంచి పట్టుకుని, నోట్లో వక్క నమలడం కూడా ఆపేసి చూసేది. ఆ తర్వాతే పుస్తకం నా చేతికొచ్చేది. "ఊఁ, ఇప్పుడు చదువు. వీళ్ళ కష్టం ఏంటో చూద్దాం," అనేది. కథ వినకముందే ఆమెకి అందులో మనుషులు తెలిసిపోయి ఉండేవాళ్ళు. ఫలానావాణ్ణి నమ్మొద్దని మొదటి పేరాలోనే నాకు చెప్పేది. ఆమె అన్నట్టే ఆ ఫలానావాడు చివర్లో మోసగాడని తేలితే, నేను రచయిత కన్నా ఆమెకే ఎక్కువ మొక్కేవాణ్ణి.

ఆ బొమ్మల్లో ఒక అమ్మాయి ఉండేది. కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తూ నిలబడుతుంది, జడ ముందుకి వేసుకుని ఉంటుంది. మొదట ఒక పెళ్ళికథలో వచ్చింది. తర్వాత ఒక అపరాధ పరిశోధన నవలలో వచ్చి మూడో ప్రకరణంలోనే హత్యకి గురైంది. నానీ చాలా బాధపడింది, ఆ పూట అన్నం సగంలో వదిలేసింది. కొన్నాళ్ళకి మామూ ఇంకో పుస్తకం తెచ్చాడు. నానీ పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక్కసారి నా మణికట్టు పట్టుకుంది.

"ఛోటూ, ఇదిగో, ఈ పిల్ల బతికే ఉంది!"

"ఆ పిల్ల కాదు నానీ. ఇది వేరే కథ. ఈమె డాక్టరు."

"డాక్టరు చదువుకుందేమో. మొహం చూడు. అదే పిల్ల, అదే కిటికీ. చచ్చిపోయిందనుకుని అందరూ వెళ్ళిపోయుంటారు. ఆ తర్వాత లేచింది, పాపం ఎవరూ చూసుకోలేదు."

"మరి వాళ్ళు చచ్చిపోయిందని రాశారు కదా?"

"రాసినోడు అక్కడున్నాడా ఏంటి? ఎవరో చెబితే రాసుంటాడు," అంది నానీ. అక్కడితో ఆ వాదం ముగిసింది.

ఆమెకి ఖిడ్కీవాలీ అని పేరు పెట్టింది, కిటికీ పిల్ల అని. తర్వాత ఆ కిటికీ పిల్ల ఎన్ని నవలల్లో వచ్చిందో లెక్కలేదు. ఒకదాంట్లో జమీందారు కోడలు, ఒకదాంట్లో పిచ్చిది, ఒకదాంట్లో రైలు దొంగల ముఠాకి నాయకురాలు. నానీ దృష్టిలో అవన్నీ వేరువేరు నవలలు కావు, ఒకే ఆడపిల్ల జీవితం. మధ్యలో సరిపోని చోట్లు ఉంటే ఆమే సరిచేసేది. జమీందారు ఇంట్లో బాధలు పడలేక పారిపోయి దొంగల్లో చేరిందనీ, అక్కడ తలకి దెబ్బ తగిలి మతి తప్పిందనీ, ఒక మంచి డాక్టరమ్మ బాగుచేసి తనలాగే చదివించిందనీ వరస కూర్చింది. నేను చదివినదాన్ని ఆమె మర్నాడు మధ్యాహ్నం సందులో ఆడవాళ్ళకి ఉర్దూలో చెప్పేది. వాళ్ళు దర్జీ కొట్లనుంచి తెచ్చుకున్న చొక్కాలకి కాజాలు కుట్టుకుంటూ మా వాకిట్లో కూర్చునేవాళ్ళు. నేను చదివింది ఎవరో పట్నం రచయిత రాసిన పుస్తకం. వాళ్ళు విన్నది మాత్రం ఖాలా చెప్పే ఖిడ్కీవాలీ కథ. నానీని వాళ్ళు ఖాలా అనేవాళ్ళు, పిన్ని అని. అందులో జమీందారు బంగళా బదులు మా సందు మలుపులో ఉన్న బియ్యం మిల్లు యజమాని డాబా వచ్చి చేరింది. హీరోయిన్ దుగ్గిరాల పసుపు కొట్లలో కూలికి కూడా వెళ్ళింది, ఏ నవలలోనూ వెళ్ళకపోయినా. కథ ముగిశాక ఒకావిడ సూది ఆపి, "ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది ఖాలా?" అని అడగడం నాకు బాగా గుర్తు. నానీ తడుముకోకుండా, "బాపట్లలో," అంది. ఎందుకు బాపట్లో నాకు ఇప్పటికీ తెలియదు, ఆమె జన్మలో బాపట్ల వెళ్ళలేదు.

అసలు సంగతి మామూ ఒకరోజు నాకు చెప్పాడు. వాళ్ళ అచ్చాఫీసులో బొమ్మల బ్లాకులు ఉన్నవే కాసిని. కర్రముక్క మీద దిగ్గొట్టిన లోహపు రేకులవి. కొత్తది చేయించాలంటే ఖర్చని, కథలో ఆడపిల్ల ఉంటే చాలు, ఆ కిటికీ బ్లాకే ఎక్కించేవాళ్ళు. "పాపం అరిగిపోయి ముక్కు చదునైపోయింది దానికి," అని నవ్వాడు. నేను గొప్ప రహస్యం తెలిసినవాడిలా పరిగెత్తుకెళ్ళి నానీకి చెప్పాను. ఆమె సున్నం రాస్తున్న ఆకు పక్కన పెట్టి అంతా విన్నది. "మీ మామూ రేకు చూస్తాడు. నేను మొహం చూస్తా. ఆ మొహం ఉన్న మనిషి ఎక్కడో ఉండబట్టే కదా బొమ్మ వేశారు?" అంది. తెలుగు పాఠం చెప్పి బతికిన ఇన్నేళ్ళలోనూ దానికి జవాబు దొరకలేదు.

తర్వాత కిటికీ పిల్ల రావడం మానేసింది. బ్లాకు విరిగిందో, అచ్చాఫీసు చేతులు మారినప్పుడు పాత సామానులో పోయిందో మామూకీ తెలియదు. కొత్త బొమ్మలు వచ్చాయి, వాటిలో ఆడవాళ్ళందరికీ పెద్ద పెద్ద కొప్పులు. నానీ ప్రతి పుస్తకం తిరగేసి నాకిచ్చేసేది. "రాలేదు," అనేది. ఒక్కోసారి ఆ మాట కూడా అనేది కాదు, నేను చదువుతుంటే వేరే ఎటో చూస్తూ కూర్చునేది. మధ్యాహ్నం ఆడవాళ్ళు అడిగితే, ఆ పిల్లకి ఒంట్లో బాగోలేదని చెప్పింది. ఆ ఇంట్లో నాకు ఒంటరితనం అంటే ఏమిటో తెలిసింది అప్పుడే. అంతవరకు మేం ముగ్గురం అనుకున్నాను, మామూని కలపకుండానే. మూడో మనిషి వెళ్ళిపోయాక ఒక ముసలావిడా ఒక పిల్లాడూ మిగిలారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఎంతసేపని కూర్చుంటారు? నేను ఆమె మొహం అంతసేపు చూసిన రోజులు అవే అయుండాలి.

ఆ వానాకాలంలోనే నానీ పోయింది. స్కూలు నుంచి నన్ను మధ్యలో పిలుచుకొచ్చారు. ఇంటినిండా అగరుబత్తీల పొగ, తడిసిన బుర్కాల వాసన. కడసారి చూసుకో బేటా అని ఎవరో నన్ను వెనకనుంచి ముందుకి జరిపారు. నాకు భయమేసి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చూశావా అని అడిగితే చూశానని తల ఊపాను. తర్వాత నన్ను మళ్ళీ చెరుకుపల్లి తీసుకుపోయారు. అక్కడ చదివి వినిపించమని అడిగేవాళ్ళు లేక, పుస్తకాన్ని మనసులో చదువుకోవడం నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరి చాలా ఊళ్ళు తిరిగి, చివరికి తెనాలిలోనే స్థిరపడ్డాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పుకునేంత కథ కూడా లేదు. నా వంట నేనే వండుకుంటాను, విసుగ్గా ఉన్న రోజు బండి మీద ఇడ్లీ కట్టించుకుంటాను. నానీ గురించి నేను రాసింది నా గడప దాటాక దానికి నాతో పని లేకుండా తిరిగింది. ముందు రేడియో నాటకమైంది. అందులో నానీ మాటకి ముందొక ‘అరె అల్లా’, మాట తర్వాతొక ‘అరె అల్లా’. మా నానీ మంగమ్మతో బేరమాడుతుంటే గోడ అవతలివాళ్ళకి ఎవరు నానీయో ఎవరు మంగమ్మో తెలిసేది కాదు. ఆ తర్వాత కాలేజీ కుర్రాళ్ళు పొట్టి సినిమా తీశారు. అందులో నానీ చేతికి తస్బీ జపమాల, గదినిండా సాంబ్రాణి పొగ, పక్కన ఒక పావురం. పావురం ఎందుకని అడిగితే ఫీల్ కోసం సార్ అన్నారు. నేను నవ్వుకుని ఊరుకున్నాను. ఎందుకంటే ఆ వేషం వేసిన ఆవిడకి తనదంటూ ఒక మొహం ఉంది. షూటింగ్ అయ్యాక కొంగు సర్దుకుని, ఆటో ఎక్కి, వాళ్ళ ఇంటికి వెళ్ళిపోయింది. నానీని వదిలేసి వెళ్ళింది. గీసిన మొహం అలా వెళ్ళదు. దానికి వేరే ఇల్లు లేదు, వేరే పేరు లేదు. వచ్చిందంటే ఇక ఉండిపోతుంది.

గ్రేసీ మంచి పిల్ల. తల్లిదండ్రులిద్దరూ టీచర్లు. చర్చి మెట్ల మీద ఏటా క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్న ఫోటోలు వాళ్ళింట్లో ఆల్బమ్‌ల నిండా ఉన్నాయట. వాళ్ళ అమ్మమ్మకి ఏ సంవత్సరం పన్ను ఊడిందో కూడా చెప్పగలదు. ఫోటో లేని మనిషి ఉంటారని మొదట నమ్మలేకపోయింది. ఫోనులోనే మొహాలు గీసి పంపడం మొదలుపెట్టింది. ఒకదానికి కళ్ళనిండా సుర్మా, పెద్ద ముక్కుపుల్ల. కాదమ్మా అన్నాను. ఇంకోదానికి మరీ జాలి మొహం. కాదన్నాను. మరోటి చూస్తే ఏదో పత్రికలో అవార్డు తీసుకుంటున్న ఆవిడలా ఉంది. ప్రతి పొద్దునా ఫోను తెరిస్తే ఒక కొత్త ముసలావిడ నాకేసి చూస్తుండేది. నేను ఒక్కొక్కరినీ పంపించేసేవాణ్ణి. కాదని చెప్పడంలో నాకు క్షణం కూడా తడబాటు లేదు, అదే నాకు ధైర్యంగా ఉండేది. లోపల ఎక్కడో అసలు మొహం ఉండబట్టే కదా ఇవి కావని తెలుస్తోంది అనుకున్నాను.

చివరికి ఆ అమ్మాయి బాపట్ల నుంచి రైలెక్కి స్వయంగా వచ్చింది. అప్పుడే ముక్కు గురించి అడగడం, నేను వంటింట్లోకి పారిపోవడం. కాఫీ గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆమె కాగితాలు సర్దుకుని నా వంక చూస్తోంది.

"సార్, నేను మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానండీ."

"ఇబ్బందేం లేదమ్మా. నాకు తెలుసు. నోటికి రావడం లేదు, అంతే."

"పోనీ ఒక పని చేద్దామండీ. మీరు ఆ కథ పైకి చదవండి. నేను మీకు అడ్డం రాను, నా పాటికి నేను గీసుకుంటా."

పైకి చదివి ఎన్నేళ్ళయిందో. మొదట పాఠం చెబుతున్నట్టు చదివాను. రెండు పేజీలయ్యాక ఎదురుగా ఎవరున్నారో మర్చిపోయాను. నానీ మాటలు వచ్చిన చోట నాకు తెలియకుండానే ఆమె గొంతు పెట్టి చదివానట, గ్రేసీ తర్వాత చెప్పింది. చదవడం అయ్యేసరికి ఆమె చేతి కింద కాగితం నిండిపోయి ఉంది. తిప్పి నా ముందు పెట్టింది.

తలమీద కొంగు, కొంచెం ముందుకి వంగిన మెడ, ఎదుటివాడు అబద్ధం చెబుతాడేమోనని చూస్తున్నట్టుండే కళ్ళు. ఈమె నాకు తెలుసు. ఎంతో కాలంగా, చాలా దగ్గరగా తెలుసు. "ఈమేనమ్మా," అన్నాను. గ్రేసీ సంతోషం పట్టలేక నా కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేసింది. అయినా ఆమెకి వెంటనే సరే అని చెప్పలేదు. "మా ఆపాకి ఒకసారి చూపించి చెప్తా," అన్నాను. అనుమానం వల్ల కాదు. ఇంత పెద్ద ఆనందం నా ఒక్కడి దగ్గరే ఉండిపోతే ఎలా అనిపించింది. గ్రేసీ తన ఫోనులో ఒక కాపీ తీసుకున్నాక, ఆ కాగితాన్ని ఒక పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టి, మర్నాడు పొద్దున రేపల్లె రైలెక్కాను.

ఆపా రేపల్లెలో కొడుకు దగ్గర ఉంటుంది. నేను వెళ్ళేసరికి కొడుకూ కోడలూ పనులకి పోయారు, ఆమె ఒక్కతే మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మా మాటలు ఉర్దూలో మొదలై కాసేపటికి తెలుగులో తేలతాయి. "ఏంట్రా ఛోటూ, కబురు లేకుండా ఊడిపడ్డావు?" అంది. లోకంలో నన్ను ఛోటూ అనేది ఇప్పుడు ఆమె ఒక్కతే. నేను అట్టలు విప్పి, ఏమీ చెప్పకుండా కాగితం చేతిలో పెట్టాను. ఆపా చేతులు కడుక్కొచ్చి, కళ్ళద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకుని చూసింది. మరుక్షణం పకపకా నవ్వింది.

"ఇదేంట్రా, ఎవరు గీశారు? నువ్వు తలమీద కొంగేసుకున్నట్టుంది!"

"సరిగ్గా చూడు ఆపా. నానీ."

"నానీ ఏంటి నానీ. ఈ గడ్డం నీది కాదూ? ఈ కనుబొమ్మలు చూడు, ఇట్టా లేచి ఉంటాయి, నాన్నకీ నీకూనే. నానీ మన అమ్మ తరపు కదరా."

గోడకి అద్దం ఉంది. లేచి చూసుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆపా అనగానే నాకూ కనపడింది. పాపం గ్రేసీ చేసిన మోసం ఏమీ లేదు. ఎదురుగా కూర్చుని నానీ గొంతుతో చదువుతున్న మొహం ఏది ఉందో అదే ఆ అమ్మాయి చేతిలోకి వచ్చింది. నేను రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూసుకునే మొహాన్నే చూసి ఈమె నాకు తెలుసు అనుకున్నాను. సిగ్గేసింది. సిగ్గు కప్పిపుచ్చుకోడానికి కాస్త కోపంగా, "సరే, నువ్వు చెప్పు మరి. ఎట్టా ఉండేది? ఆ పిల్లకి అదే చెప్తా, గీస్తుంది," అన్నాను.

"ఎట్టా ఉండేదంటే... కాస్త ఎరుపు... కాదు, చామనచాయ. మొహం గుండ్రంగా..." ఆపా ఆగింది. "కోల మొహమేమోరా?" చింతపండు గిన్నెలోకి చూసింది. గోడకేసి చూసింది. అక్కడ ఏదో రాసి ఉంటే చదువుదామన్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత చాయ్ పెడతానని లేచి వెళ్ళింది. వంటింట్లో గిన్నెల చప్పుడేమీ వినపడలేదు. ఆమె అక్కడ ఏం చేస్తోందో నాకు తెలుసు, నేను వెళ్ళి కదిలించలేదు.

చాయ్ లేకుండానే తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. "నాకు ఎప్పుడో పోయిందిరా ఛోటూ," అంది మెల్లగా. "పోయిందని నాకు తెలుసు. నేను దిగులు పడలేదు. నువ్వు ఆమె దగ్గర పెరిగినోడివి, అన్నీ రాసుకునేవోడివి, నీ దగ్గర ఉంటుందిలే అనుకున్నా."

"నేను నీ దగ్గర ఉంటుందనుకున్నా," అన్నాను.

ఈ రోజుల్లో మొహాలకి కొదవ లేదు. ఆపా మనవరాలి ఫోనులో పుట్టినప్పటి నుంచి నిన్న జ్వరం వచ్చేదాకా ఆ పిల్ల బొమ్మలే ఉంటాయి. ఆ పిల్ల మొహాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మా రోజుల్లో మనిషి మొహం ఇంకో మనిషిలోనే ఉండేది, మాట్లాడుకుంటూ ఉంటే నిలిచేది. మేం నానీ మాటలు చెప్పుకున్నాం, వంటలు చెప్పుకున్నాం, ఆమె తిట్లు తలుచుకుని నవ్వుకున్నాం. మొహం గురించి ఒకళ్ళనొకళ్ళు ఎన్నడూ అడగలేదు. అది ఎక్కడికీ పోదనుకున్నాం. ఎప్పుడు పోయిందో, మా ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచి ఆఖరున పోయిందో తెలియదు.

నేను బయల్దేరేటప్పుడు కాగితం అట్టల్లో పెట్టబోతుంటే ఆపా చెయ్యి అడ్డం పెట్టింది. "ఇక్కడ వదిలేసి పోరా. ఆమెది ఒక్క ఫోటో అయినా లేదు కదా ఇంట్లో."

"నా మొహం అన్నావుగా?"

"అన్నాను," అంది ఆపా. కాగితం ఒళ్ళో పెట్టుకుని, చింతపండు మరక తగలకుండా కొంగు అంచుతో దాన్ని తుడుస్తూ కూర్చుంది. నేను చెప్పులు వేసుకుంటుంటే, నాతో కాదు, ఒళ్ళోకి చూసి ఉర్దూలో అంది, "నానీ, ఛోటూ పోతున్నాడు." ఆమెకి మతి తప్పలేదు. నాకన్నా నిలకడ గల మనిషి. ఏదో ఒక మొహం చూసి పిలవాలనిపించింది, పిలిచింది. నేను వద్దనలేదు. వద్దంటే ఆ మొహానికి బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏముంది?

స్టేషన్లో బెంచీ మీద కూర్చుని గ్రేసీకి ఫోన్ చేశాను. "సరే అమ్మా, ఆ బొమ్మే వెయ్యి," అన్నాను. "ఆపాగారు ఏమన్నారండీ?" అని అడిగింది ఆత్రంగా. "ఫోటో అంది," అన్నాను. అంతకంటే మెచ్చుకోలు తనకి జన్మలో దొరకదంది ఆ పిల్ల. వాళ్ళమ్మకి చెప్పాలని ఫోను పెట్టేసింది.

రైల్లో రద్దీ లేదు. భట్టిప్రోలు దాటాక కళ్ళు మూసుకుని చూశాను. కాగితం మీది మొహమే వచ్చింది. పక్కకి జరిపి చూశాను, మళ్ళీ అదే వచ్చింది. దాని వెనక ఇంకేమీ లేదు. ఈ ముసలి వయసులో, నలుగురూ చూస్తుండగా, వెక్కిళ్ళు వస్తుంటే ఆపుకోలేకపోయాను. ఎదురు సీట్లో కూరగాయల సంచీతో కూర్చున్న ఆవిడ కాసేపు చూసి, మంచినీళ్ళ సీసా నా ముందుకి జరిపింది.

"ఎవరైనా పోయారా బాబాయ్ గారూ?"

"అవునమ్మా. మా అమ్మమ్మ."

ఆవిడ నా తెల్లజుట్టు వంక ఒకసారి చూసింది. నవ్వలేదు.

"అయ్యో. ఎప్పుడండీ?"

"ఇవాళేనమ్మా," అన్నాను.